హరిత సదస్సులు: ఆతిథ్యమిచ్చిన ఊరికి మిగిలేదేమిటి?

పర్యావరణానికి వీలైనంత తక్కువ హాని జరిగేలా ఏర్పాటు చేసే సభలు, సమావేశాలు, ప్రదర్శనలను హరిత సదస్సులు అంటున్నారు. ప్లాస్టిక్ సీసాలు పెట్టరు. కరపత్రాలకు బదులు ఫోన్‌లోనే కార్యక్రమ పట్టిక ఇస్తారు. భోజనంలో మాంసం తగ్గిస్తారు, ప్రతినిధులను బస్సుల్లో, మెట్రోలో తిప్పుతారు. అప్పటికీ మిగిలిన ఉద్గారాలకు పరిహారంగా ఎక్కడో ఒక పథకానికి డబ్బు కడతారు. ఈ మంచి పనుల్లో చాలావరకు ‘చేయకపోవడం’ కిందికే వస్తాయి. చెత్త వేయలేదు, కాగితం వృథా చేయలేదు, పొగ పెంచలేదు. వచ్చిన చుట్టం గిన్నెలు పగలగొట్టకుండా వెళ్లాడంటే సంతోషమే గానీ, దాన్ని పెట్టుపోతల కింద లెక్క వేయం కదా.

సదస్సు వల్ల ఆ ఊరికి ఏం మిగిలిందన్నది వేరే ప్రశ్న. ఖర్చయిన డబ్బులో ఎంత అక్కడి చేతుల్లోకి వెళ్లింది? కట్టినవి, కొన్నవి తరవాత ఎవరికి పనికొచ్చాయి? సభ జరిగిన వారం రోజులూ అక్కడి పేదల బతుకు మెరుగైందా, ఇరుకైందా? ఈ రంగంలో దీన్ని ‘లెగసీ’ అంటారు. వారసత్వం అనే ఈ మాట వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, లోపల ఉండేవి కూరగాయల బిల్లులు, తివాచీ ముక్కలు, వంటమనుషుల కూలి, మురుగు గొట్టాలు.

పుట్టుక

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ మహాసభతో ప్రపంచ స్థాయి పర్యావరణ సమావేశాలు మొదలయ్యాయి. ఆతిథ్య దేశ ప్రధాని ఓలోఫ్ పామెను మినహాయిస్తే దానికి వచ్చిన ఏకైక ప్రభుత్వాధినేత ఇందిరాగాంధీ. ఆ సభ ఫలితంగా పుట్టిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కేంద్ర కార్యాలయం స్టాక్‌హోమ్‌లో కాక నైరోబీలో వెలిసింది. సభ ఒక ఊళ్లో, ఫలం మరో ఊళ్లో అన్న తీరు అప్పటినుంచే ఉందన్నమాట.

1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు నాటికి సభలే వేల మంది జాతరలయ్యాయి. పర్యావరణం గురించి మాట్లాడడానికి ఇంతమంది విమానాలెక్కి రావడమేమిటన్న ఎత్తిపొడుపు బలపడింది. 2002 జోహన్నెస్‌బర్గ్ సదస్సులో సభ ఉద్గారాలకు పరిహారం కట్టించి, ఆ డబ్బును దక్షిణాఫ్రికాలోనే చిన్న ఇంధన పథకాలకు మళ్లించే ప్రయత్నం జరిగింది. ఆతిథ్యమిచ్చిన దేశానికే పరిహారం దక్కాలన్న ఆలోచనకు ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

2009 డిసెంబరులో జరిగిన కోపెన్‌హేగెన్ వాతావరణ సదస్సులో డెన్మార్క్ ప్రభుత్వం ప్రతినిధులకు బహుమతులు ఇవ్వలేదు. సంచులు, పెన్నులు, జ్ఞాపికలకు అయ్యే డబ్బుతో వేర్వేరు దేశాల నుంచి 11 మంది విద్యార్థులకు డెన్మార్క్‌లో చదువుకునేందుకు ఉపకార వేతనాలు ఇచ్చింది. తాగడానికి కొళాయి నీళ్లే పెట్టింది. ఉద్గారాలకు పరిహారంగా బంగ్లాదేశ్ రాజధాని ఢాకా చుట్టుపక్కల పాత ఇటుక బట్టీల స్థానంలో తక్కువ బొగ్గుతో నడిచే బట్టీలు పెట్టడానికి సాయం చేసింది. ఈ ఏర్పాట్లలో ఏదీ కోపెన్‌హేగెన్ వాసులకు ఉద్దేశించింది కాదు. సంపన్న నగరం కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. అదే సదస్సు ఢాకాలో జరిగి, పరిహారం మరో ఖండానికి పోతే ఢాకా వాళ్లు ఊరుకుంటారా? ‘స్థానికులు’ అన్న మాటకు అర్థం ఊరిని బట్టి, ఊరి లేమిని బట్టి మారుతుంది.

ప్రమాణాలు కూడా ఈ కాలంలోనే వచ్చాయి. 2007 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8901 ఆధారంగా, లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో ఐఎస్‌ఓ 20121 వెలువడింది. 2024లో దాన్ని సవరించినప్పుడు మానవ హక్కులకు, సభ తరవాత మిగిలే వారసత్వానికి అంతకుముందుకంటే ఎక్కువ చోటిచ్చారు. 2021లో సభల పరిశ్రమ సంస్థలు కలిసి ప్రకటించిన ‘నెట్ జీరో కార్బన్ ఈవెంట్స్’ ప్రతిజ్ఞ మాత్రం, పేరులో ఉన్నట్టుగానే, ప్రధానంగా కార్బన్ గురించే మాట్లాడుతుంది. కార్బన్‌ను టన్నుల్లో కొలవచ్చు. ఊరికి జరిగిన మేలుకు అంత సులువైన కొలబద్ద లేదు. నివేదికల్లో అది చివరి పేజీల్లో, ఫోటోల కింద ఉండిపోవడానికి కారణం ఇదే.

టెండరు కాగితంలోనే తేలిపోయేది

నిర్వాహకులు సాధారణంగా ‘తిరిగి ఇవ్వడం’ గురించి ఆలోచించేది చివర్లో. సభ ముగిశాక మిగిలిన అన్నం అనాథాశ్రమానికి, మిగిలిన సంచులు బడికి పంపుతారు, మధ్యలో ఒక పూట మొక్కలు నాటి ఫోటో దిగుతారు. అసలు డబ్బు మాత్రం అంతకు ఆరు నెలల ముందే, వంటల కాంట్రాక్టు, డేరాల కాంట్రాక్టు, రవాణా కాంట్రాక్టు రాసుకున్న రోజే ఏ దారిన పోవాలో ఆ దారిన పోయి ఉంటుంది. కాబట్టి ఊరికి ఎంత దక్కుతుందన్నది దాతృత్వం కంటే కొనుగోలు నిబంధనల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేమ్ నగరంలో జరిగిన 30వ వాతావరణ సదస్సు దీనికి మంచి ఉదాహరణ. సభా ప్రాంగణంలో వండే సరుకుల్లో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల నుంచి, ఆదివాసీ, సంప్రదాయ సముదాయాల నుంచి కొనాలని టెండరులోనే షరతు పెట్టారు. అయితే అదే టెండరు పత్రం మొదట ఆరోగ్య ప్రమాదం పేరుతో అసాయి పండు రసాన్నీ, కర్రపెండలం నుంచి తీసే టుకుపి పులుసునూ నిషేధించింది. ఆ రెండూ అమెజాన్ జనానికి నిత్య భోజనం. విజయవాడలో విందు పెట్టి ఉలవచారు, గోంగూర ప్రమాదకరమని పక్కన పెట్టినట్టు. స్థానిక వంటవాళ్లు గోల చేయడంతో నిషేధం ఎత్తేశారు. కాగితం మీద ఊరి రైతుకు వాటా రాసిన చేత్తోనే ఊరి తిండిని కొట్టేయడం చూస్తే, ఆ షరతులు రాసేవాళ్ల పక్కన ఊరివాళ్లు ఎందుకు కూర్చోవాలో తెలుస్తుంది.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు నిర్వాహకులు భోజనంలో దాదాపు 80 శాతం స్కాట్లాండ్‌లోనే పండినదని, తయారైనదని ప్రకటించారు. ప్రతి వంటకం పక్కనా దాని కార్బన్ భారం అచ్చువేశారు.

మన దేశంలో ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలని ప్రభుత్వ కొనుగోళ్ల విధానం చెబుతోంది. అందులోనే ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం ఉపలక్ష్యాలున్నాయి. ఒక ప్రభుత్వ సంస్థ నడిపే సదస్సులో భోజనం, అలంకరణ, ముద్రణ కూడా కొనుగోళ్లే.

అరకు కాఫీ సంగతి చూద్దాం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల పెట్టెలో అరకు కాఫీ కూడా ఉంది. అల్లూరి జిల్లా ఆదివాసీ రైతుల పంటకు అది గొప్ప పేరు తెచ్చింది. పేరు వేరు, గిరాకీ వేరు. వెయ్యి మంది ప్రతినిధులు, మూడు రోజులు, మనిషికి రోజుకు రెండు కప్పులు అనుకుంటే 6,000 కప్పులు. కప్పుకు 10 గ్రాముల పొడి చొప్పున 60 కిలోలు. ఒక్క సభకు 60 కిలోలు గొప్పేమీ కాదు. కానీ ఒక సమావేశ కేంద్రం తన వంటశాలలో ఏడాది పొడవునా అదే కాఫీ కాయాలని నిర్ణయిస్తే అది ఒక రైతుల సంఘానికి నమ్మకమైన ఆర్డరు. సదస్సు వచ్చి పోతుంది, సమావేశ కేంద్రం ఊళ్లోనే ఉంటుంది. నిబంధన పెట్టాల్సింది ముందుగా దానికే.

విస్తళ్ల విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలతో పాటు 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లనూ నిషేధించారు. దాంతో ‘హరిత’ విందుల్లో పోకచెట్టు పట్టతో చేసిన పళ్లేలు కనిపించడం ఎక్కువైంది. అవి ఎక్కువగా కర్ణాటక పోక తోటల సరుకు. విశాఖ, పార్వతీపురం మన్యాల్లో ఆదివాసీ స్త్రీలు అడ్డాకులు ఏరి కుడతారు, తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తరి నిన్నమొన్నటి దాకా పెళ్లి భోజనాల ఆకు. రెండూ మట్టిలో కలిసిపోయేవే. కార్బన్ లెక్కలో పోక పళ్లేనికీ అడ్డాకుకూ పెద్ద తేడా కనబడకపోవచ్చు. ఊరి లెక్కలో మాత్రం ఆ తేడా ఒక కుటుంబం నెల ఆదాయం.

ఊళ్లో ఖర్చుపెట్టిన రూపాయి ఊళ్లోనే ఎన్ని చేతులు మారుతుందో కొలిచే పద్ధతిని లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ 2000 దశకం మొదట్లో రూపొందించింది. దాని పేరు ఎల్ఎం3. నిర్వాహకులు ఎవరికి చెల్లించారు, వాళ్లు అందులో ఎంత స్థానికంగా ఖర్చు పెట్టారు, ఆ డబ్బు అందుకున్నవాళ్లు మళ్లీ ఎంత ఖర్చు పెట్టారు అని మూడు అంచెల వరకు లెక్క వేస్తారు. పరిశోధకులే అక్కర్లేదు, రసీదులు దాచుకున్న ఎవరైనా చేయవచ్చు. ఈ లెక్కలో ఐదు నక్షత్రాల హోటల్ గొలుసు కంటే మహిళా సంఘం నడిపే వంటశాల ముందుండే అవకాశం ఎక్కువ. ఆ సంఘం జీతాలు, కూరగాయలు, కట్టెలు అన్నీ ఆ పది మైళ్లలోనే తిరుగుతాయి కాబట్టి.

మిగిలినవి, పారేసినవి

మిగిలిన అన్నం గురించి 2019లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ప్రత్యేక నియమావళి తెచ్చింది. పంచే సంస్థలు నమోదు చేసుకోవాలి, ఆహారాన్ని తగిన వేడిలోనో చల్లదనంలోనో ఉంచాలి, గడువు చూడాలి. సదస్సు భోజనాలు మధ్యాహ్నం రెండున్నరకు ముగుస్తాయి, ఫోన్ చేసేది నాలుగింటికి, బండి వచ్చేది ఆరింటికి. అప్పటికి పెరుగన్నం పులుస్తుంది, సాంబారు పాడవుతుంది. సంస్థను ముందే మాట్లాడి పెట్టుకోకపోతే ‘దానం’ కాస్తా చెత్తను మరొకరి గుమ్మానికి చేర్చడమే అవుతుంది.

వస్తువుల సంగతి కొంత నయం. గ్లాస్గో సదస్సు ముగిశాక బల్లలు, కుర్చీలు, తివాచీల వంటి సామాను స్థానిక సేవాసంస్థలకు అందించారు. మన దగ్గర సభ అయ్యాక మిగిలేది ఎక్కువగా ఫ్లెక్సీలే. గుడిసె కప్పుకోవడానికో, ధాన్యం మీద పరుచుకోవడానికో వాటిని అడిగి పట్టుకుపోయేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. దాన్ని పునర్వినియోగమని నివేదికలో రాసుకోవడం కొంచెం మొహమాటం లేని పని.

ఇంతకంటే తెలివైన దారి సిద్దిపేట జిల్లా పల్లెల్లో ఉంది. అక్కడ ‘స్టీల్ బ్యాంకుల’ పేరుతో పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు మహిళా సంఘాలకు ఇచ్చారు. పెళ్లికో దినానికో అవి అద్దెకు వెళ్తాయి, ప్లాస్టిక్ రాదు, అద్దె సంఘానికి వస్తుంది. ఒక సదస్సు తన విందు కోసం ఆ సామాను కొని, ముగిశాక దగ్గరి బస్తీ సంఘానికి అప్పగిస్తే అదే బ్యాంకుకు మూలధనం అవుతుంది.

చెత్త ఎత్తేవాళ్లు

2021 నవంబరు 1న ప్రపంచ నాయకులు గ్లాస్గోలో వేదిక ఎక్కుతున్న రోజునే ఆ నగర పారిశుధ్య కార్మికులు వేతనాల కోసం సమ్మెకు దిగారు. చెత్త డబ్బాలు పొంగిపొర్లాయి. సభ లోపల కప్పులన్నీ కడిగి మళ్లీ వాడుతున్నారు.

మన దేశంలో చెత్తను వేరు చేసే పని చాలావరకు కాగితాలు ఏరుకునేవాళ్లదే. బెంగళూరులో వాళ్లతోనే ఏర్పడిన ‘హసిరు దళ’ సంస్థ పరుగు పందేలు, పెళ్లిళ్లు, సభల్లో చెత్తను తడి, పొడిగా విడదీసే బాధ్యత రుసుము తీసుకుని చేస్తుంది. కేరళలో 2015 జాతీయ క్రీడల సమయంలో ఆ రాష్ట్ర పారిశుధ్య సంస్థ శుచిత్వ మిషన్ ‘గ్రీన్ ప్రోటోకాల్’ తెచ్చింది. ఒక్కసారి వాడి పారేసే సామానును ప్రాంగణాల్లోకి రానివ్వలేదు. తరవాత అది పెళ్లిళ్లకు, ప్రభుత్వ సభలకు, గుళ్ల ఉత్సవాలకు పాకింది. అదే రాష్ట్రంలో కుటుంబశ్రీ మహిళా సంఘాల క్యాంటీన్లు సభలకు భోజనాలు వండుతున్నాయి. వంట, పళ్లెం కడగడం, చెత్త ఎత్తడం అన్నీ జీతమున్న పనులుగా స్థానిక స్త్రీలకు దక్కితే పర్యావరణం, ఆదాయం రెండూ ఒకే పద్దులో పడతాయి. ఈ పద్ధతికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు.

పరిహారం ఎవరి నేల మీద

పెద్ద సదస్సుల ఉద్గారాల్లో సింహభాగం విమానాలదే. గ్లాస్గో సదస్సుకు తొలి అంచనా సుమారు 1,02,500 టన్నులు, అందులో దాదాపు 60 శాతం అంతర్జాతీయ విమాన ప్రయాణాలది. పేపర్ కప్పు మానేసి ఈ లెక్కను మార్చలేం కాబట్టి పరిహార పథకాలు వచ్చాయి. అవి ఎవరి నేల మీద, ఎవరి నీళ్లతో బతుకుతాయన్నది ముఖ్యం.

ఇది సదస్సు కథ కాదు గానీ మనకు దగ్గరిది. బ్రిటిష్ సంగీత బృందం కోల్డ్‌ప్లే 2002 నాటి తమ ఆల్బమ్ ఉద్గారాలకు పరిహారంగా కర్ణాటకలోని గుడిబండ ప్రాంతంలో 10,000 మామిడి మొక్కలకు డబ్బిచ్చింది. అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దుకు ఆనుకున్న, తెలుగు విస్తారంగా వినబడే కరువు నేల అది. నీళ్లు లేక చాలా మొక్కలు ఎండిపోయాయని 2006లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. ఆ రైతుల్ని ముందు అడిగి ఉంటే మామిడి మొక్క కంటే ముందు బోరు గురించి, ట్యాంకరు గురించి చెప్పేవారు. నాటిన సంఖ్యను ప్రకటించడం సులువు, మూడో వేసవి దాటిన మొక్కల్ని లెక్కపెట్టడానికి ఎవరూ రారు.

ఊరి నుంచి తీసుకునేది

ఇచ్చిన దాన్ని లెక్కించేటప్పుడు తీసుకున్న దాన్నీ పక్కన రాయాలి. 2023 జీ20 సమయంలో ఢిల్లీలో కొన్ని మురికివాడలకు అడ్డంగా పచ్చటి తెరలు కట్టారు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించి, రోడ్ల మీది వాళ్లను ఆశ్రయ కేంద్రాలకు తరలించారు. ఇవి హరిత సదస్సులు కావు. కానీ అతిథులు వస్తున్నారంటే ఊరు ఎవరిని దాచిపెడుతుందో చెబుతాయి.

బెలేమ్‌లో హోటల్ గదుల ధరలు ఎంత పెరిగాయంటే సభను మరో నగరానికి మార్చమని కొన్ని దేశాలు అడిగాయి. బ్రెజిల్ ప్రభుత్వం రెండు పెద్ద విహార నౌకలను తెచ్చి రేవులో నిలిపి గదులు చూపించింది. అడవి మధ్య నుంచి సుమారు 13 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డు వేయడం మీద విమర్శలు వచ్చాయి. అది సదస్సు కోసం కాదని, పాత ప్రణాళికేనని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఖరీదైన వీధికి కొత్త మురుగు వ్యవస్థ కడుతూ దాని పంపింగ్ కేంద్రాన్ని తమ బస్తీలో పెడుతున్నారని నీటి మీద కర్రల ఇళ్లలో ఉండే విలా ద బార్కా జనం ఫిర్యాదు చేశారు. మరోవైపు ఊరి నడుమ మూతపడిన పాత విమానాశ్రయ స్థలం సభకు వేదికయింది, దాన్ని తరవాత నగరవాసుల పార్కుగా ఉంచాలన్నది ప్రణాళిక. ఒకే సదస్సు ఒక చేత్తో పార్కు ఇచ్చి, మరో చేత్తో మురుగు ఇచ్చింది. ఏది ఎవరి వీధికి వెళ్లిందో చూస్తే పంపకం తెలిసిపోతుంది.

హైదరాబాద్, 2012

తెలుగు నేల మీద జరిగిన అతిపెద్ద పర్యావరణ సమావేశం జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు. 2012 అక్టోబరు 8 నుంచి 19 వరకు మాదాపూర్‌లోని అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగింది. 16న ప్రధాని మన్మోహన్ సింగ్ ‘హైదరాబాద్ ప్రతిజ్ఞ’ పేరుతో 5 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఆ సందర్భంగా గచ్చిబౌలి దగ్గర జీవవైవిధ్య పార్కు వెలిసింది. నగరవాసి నోట మాత్రం ఆ సదస్సు ‘బయోడైవర్సిటీ జంక్షన్’గా మిగిలింది. ఆ మాట వింటే ఇప్పుడు గుర్తొచ్చేది ఫ్లైఓవర్లు, సాయంత్రం ఏడింటి ట్రాఫిక్.

ఆ సదస్సు చర్చించిన అంశాల్లో ముఖ్యమైనది జీవవనరుల నుంచి వచ్చే లాభాన్ని వాటిని కాపాడిన జనంతో పంచుకోవడం. దానికి మన దగ్గరే ఒక చిన్న ఉదాహరణ ఉంది. ఇప్పటి వనపర్తి జిల్లాలోని అమరచింతలో సేకరించిన 2,000 కిలోల వేపాకు జపాన్‌కు ఎగుమతయింది. అందుకు వచ్చిన రాయల్టీలో 55,035 రూపాయలు ఆ ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి చేరాయి. వాటితో వేప మొక్కలు నాటారు, ఊళ్లో అవగాహన కార్యక్రమాలు పెట్టారు. కోట్ల డాలర్ల ప్రతిజ్ఞ పక్కన ఆ మొత్తం వెలవెలబోతుంది గానీ, ఎవరి ఆకు, ఎవరి డబ్బు, ఎవరి మొక్క అన్నది అందులో స్పష్టంగా కనబడుతుంది.

హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ పల్లెల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర నడుపుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ జాతరే వాళ్ల సభ, దానికి హాలు లేదు. సంక్రాంతికి మొదలై దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతుంది. జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలను కుండల్లో నింపి, ఎడ్లబండ్లను అలంకరించి పాటలతో ఊరేగిస్తారు. బండ్లు ఆగిన చోట రైతులు కూర్చుని ఆ ఏటి వానలు, తెగుళ్లు, ధరల గురించి మాట్లాడుకుంటారు. వచ్చినవాళ్లకు ఆ పంటలతోనే వండి పెడతారు. మర్నాడు బండ్లు పక్క ఊరికి కదులుతాయి.